ఏ పేరు కింద ఎంత జీతం: పోలీసులు, ఫైర్ సిబ్బంది, వాళ్ల పక్కన పనిచేసే స్త్రీలు

(మహిళా సంఘాల కార్యకర్తలకూ, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవారికీ జరిగిన శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం. చర్చలో వచ్చిన రెండు ప్రశ్నలు, వాటి జవాబులు చివర్లో కలిపాం.)



‘సమాన పనికి సమాన వేతనం’ అనే నినాదం మనలో ఎవరికీ కొత్త కాదు. గోడల మీద రాశాం, మార్చి 8 ఊరేగింపుల్లో గొంతు పోయేలా అరిచాం. ఆ నినాదంలో ‘సమాన వేతనం’ గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. ‘సమాన పని’ గురించి మాట్లాడుకున్నది తక్కువ. రెండు పనులు సమానమో కాదో ఎవరు తేలుస్తారు? ఏ కాగితం మీద తేలుస్తారు? ఆ కాగితం తయారయ్యేటప్పుడు మనవాళ్లెవరైనా ఆ గదిలో ఉన్నారా?

జీతం ఎంత అని ఎవరూ నేరుగా నిర్ణయించరు. ముందు పనికి ఒక పేరు పెడతారు. ఆ పేరుని ఒక వర్గంలో పడేస్తారు. ఆ వర్గానికి ఒక స్కేలు ఉంటుంది. మనం పోరాటం మొదలుపెట్టేది స్కేలు దగ్గర. అప్పటికే సగం ఆట అయిపోయి ఉంటుంది. అందుకని ఈరోజు వర్గీకరణ గురించే మాట్లాడదామనుకున్నాను. దానికి ఉదాహరణగా నగరాల్లోని పోలీసుల్నీ, ఫైర్ సిబ్బందినీ తీసుకుంటున్నాను. ‘వాళ్ల జీతాలతో మనకేం పని’ అని కొందరు మొహాలు చూసుకుంటున్నారు. ఏ నగరం జీతాల పట్టిక చూసినా ఈ రెండు ఉద్యోగాలకూ ప్రత్యేక స్థానం ఉంటుంది. ప్రమాదానికి ఎదురు వెళ్లే పని, ధైర్యం కావాల్సిన పని, అంటే మగవాళ్ల పని అని అందరూ ఒప్పేసుకున్న పని. దాని పక్కనే, అదే ప్రమాదంలో సగభాగం మోస్తూ, వేరే పేరుతో వేరే వరసలో కూర్చుని ఉన్న స్త్రీలు కనిపిస్తారు. వర్గీకరణ ఎలా పనిచేస్తుందో ఇంత స్పష్టంగా కనిపించే చోటు ఇంకొకటి లేదు.

అమెరికాతో మొదలుపెడతాను. అక్కడి ప్రభుత్వం దేశంలోని ఉద్యోగాలన్నిటికీ ఒక జాబితా వేసింది. 2018లో సవరించిన జాబితాలో 867 వృత్తులు, 23 పెద్ద వర్గాలు ఉన్నాయి. 33వ నంబరు వర్గం పేరు ‘రక్షణ సేవలు’. పోలీసులు, ఫైర్ సిబ్బంది, జైలు గార్డులు అందులో ఉన్నారు. బాగానే ఉంది. వాళ్లతో పాటు ఈత కొలనుల దగ్గర కాపలా ఉండేవాళ్లున్నారు, బడి పిల్లల్ని రోడ్డు దాటించేవాళ్లున్నారు, పార్కింగ్ చలాన్లు రాసేవాళ్లున్నారు, జూదశాలల్లో నిఘా పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. జూదశాలలో ఎవరు ముక్క దాచాడో చూడడం రక్షణ సేవే అన్నమాట!

మరి 911కి ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లో? మొదటి 911 కాల్ 1968 ఫిబ్రవరి 16న అలబామా రాష్ట్రంలోని హేలీవిల్ అనే చిన్న ఊళ్లో మోగింది. ఇప్పుడు పోలీసులకైనా, ఫైర్‌కైనా, అంబులెన్స్‌కైనా ఆ దేశంలో అదే నంబరు. ఆ ఫోన్ల దగ్గర కూర్చునేవాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. వీళ్లని 43వ వర్గంలో పెట్టారు. దాని పేరు ‘ఆఫీసు, పరిపాలనా సహాయక వృత్తులు’. అంటే గుమాస్తాలు, టైపిస్టులు, ఫైళ్లు సర్దేవాళ్లు, టాక్సీలనీ లారీలనీ పంపించేవాళ్లు ఉండే వరస.

ఆమె చేసే పని ఏమిటో ఒక్కసారి ఊహించండి. అవతల ఒక స్త్రీ గుసగుసగా మాట్లాడుతూ ఉంటుంది, భర్త పక్క గదిలోనే ఉన్నాడు. ఆమె ‘అవును’, ‘కాదు’ అని మాత్రమే జవాబు చెప్పగలిగేలా ప్రశ్నలు అడగాలి. చేతిలో ఆయుధం ఉందా, పిల్లలు ఎక్కడున్నారు, తలుపు ఏ వైపు ఉంది. ఆ సమాచారాన్ని అదే క్షణంలో బయల్దేరిన పోలీసులకి అందించాలి. ఆమె తప్పు వింటే ఆ పోలీసు తప్పు ఇంటికి వెళతాడు, లేదా ఆయుధం ఉందని తెలియకుండా లోపలికి వెళతాడు. ఇంకో ఫోన్‌లో గుండె ఆగిన మనిషి దగ్గర కూర్చున్న కొడుక్కి ఛాతీ మీద ఎలా నొక్కాలో లెక్క పెడుతూ చెప్పాలి. మరో ఫోన్‌లో కాన్పు. గృహహింస బాధితులకి ఫోన్ మీద సలహా ఇచ్చిన అనుభవం ఈ గదిలో చాలామందికి ఉంది. ఫోన్ పెట్టేశాక చేతులు ఎంతసేపు వణుకుతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. దీన్ని ‘సహాయక’ పని అన్నారు.

ఈ వర్గం మార్చమని అడుగుతూనే ఉన్నారు. 2018 సవరణలో ఉద్యోగం పేరు మార్చారు. అంతకుముందు ‘పోలీసు, ఫైర్, అంబులెన్స్ డిస్పాచర్లు’ అని ఉండేది, దాన్ని ‘ప్రజాభద్రత టెలికమ్యూనికేటర్లు’ అన్నారు. వర్గం మాత్రం 43 గానే ఉంచారు. 2019లో నార్మా టోరెస్ అనే కాంగ్రెస్ సభ్యురాలు వీళ్లని రక్షణ సేవల్లోకి మార్చాలని బిల్లు పెట్టింది. ఆమె స్వయంగా లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖలో చాలా ఏళ్లు ఈ ఉద్యోగమే చేసింది. స్పానిష్ తెలిసిన ఆపరేటర్లు చాలక, ఒక ఫోన్ చాలాసేపు వేచి ఉండిపోయి, ఒక చిన్నపిల్ల చనిపోయిన ఘటనతో ఆమె రాజకీయాల్లోకి వచ్చింది. ఆ తర్వాతి కాంగ్రెసుల్లో కూడా ఆ బిల్లుని మళ్లీ మళ్లీ పెట్టారు.

దీనికి అక్కడి అధికారులు చెప్పే జవాబు ఒకటుంది. ఈ జాబితా గణాంకాల కోసమే తప్ప జీతాల కోసం కాదు, ఎవరి విలువనీ ఇది తక్కువ చేయడం లేదు అంటారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. నగరాల్లో జీతాలు నిర్ణయించేది నగర కౌన్సిళ్లు, వాటి సొంత వర్గీకరణలు. కానీ బేరసారాల బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకి తెలుసు, ‘మీరు గుమాస్తా వర్గం కదా’ అన్న ఒక్క మాట ఎంత బరువుగా పడుతుందో. గణాంకాలు ఏ వరసలో పోగవుతాయో, ‘మార్కెట్ రేటు’ కూడా ఆ వరస నుంచే తీస్తారు. గుమాస్తాల సగటు జీతంతో పోల్చితే ఆమెకి బాగానే ఇస్తున్నట్టు కనబడుతుంది, పోలీసుతో పోల్చితేనే కథ వేరు. ఎవరితో పోల్చాలన్నది ముందే తేలిపోయింది.

పింఛను చూద్దాం. కాలిఫోర్నియా ప్రభుత్వోద్యోగుల పింఛను వ్యవస్థలో పోలీసులు, ఫైర్ సిబ్బంది ‘సేఫ్టీ’ సభ్యులు. వాళ్లు ముందుగా రిటైరు కావచ్చు, లెక్క కూడా వాళ్లకి మెరుగు. మిగతావాళ్ల వర్గం పేరు ‘మిసెలేనియస్’. అంటే చిల్లరమల్లర! 2020లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసి 911 సిబ్బందిని ‘మొదట స్పందించేవాళ్లు’గా గుర్తించింది. అదే చట్టంలో, దీనివల్ల పింఛను లెక్క మార్చమని అడిగే హక్కు రాదని కూడా రాశారు. బిరుదు ఇచ్చి శాలువా కప్పి పంపించే పద్ధతి మన దగ్గరే ఉందనుకోకండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కార్యకర్తలు దీన్ని దాటవేయకూడదు. అమెరికా కార్మిక చట్టం ప్రకారం మామూలు ఉద్యోగి వారానికి 40 గంటలు దాటి పనిచేస్తే ఓవర్‌టైం ఇవ్వాలి. పోలీసులకీ, ఫైర్ సిబ్బందికీ మాత్రం వేరే లెక్క పెట్టుకునే వీలు నగరాలకి ఉంది. 28 రోజుల్లో పోలీసులకి 171 గంటలు, ఫైర్ సిబ్బందికి 212 గంటలు దాటాకే ఓవర్‌టైం మొదలవుతుంది. ఫైర్‌స్టేషన్‌లో 24 గంటల షిఫ్టులు ఉంటాయి కాబట్టి ఈ ఏర్పాటు అంటారు. 911 సిబ్బంది పౌర ఉద్యోగులు కాబట్టి వాళ్లకి 40 గంటల లెక్కే. అంటే తక్కువ వర్గంలో ఉండడం వల్ల ఈ ఒక్క విషయంలో వాళ్లకి మేలు జరుగుతోంది. రేపు ప్రతి చట్టంలోనూ పోలీసులతో సమానం చేయమని అడిగితే ఇది పోవచ్చు. వర్గం మార్చమని అడిగే ముందు ఆ వర్గంతో పాటు ఏమేం వస్తాయో, ఏమేం పోతాయో పూర్తి జాబితా రాసుకోవాలి. నినాదం రాసేటప్పుడు ఇలాంటివి గుర్తుకు రావు, లెక్క చేసేటప్పుడు వస్తాయి.

వర్గీకరణ వెనక ఉద్దేశం ఉందని కోర్టులో నిరూపించడం చాలా కష్టం. కానీ ఒక కేసులో యజమాని తన కాగితాల్లోనే దొరికిపోయాడు. ఆరెగాన్ రాష్ట్రంలో వాషింగ్టన్ కౌంటీ జైలు. మగ ఖైదీల్ని కాసేవాళ్లు మగ గార్డులు, ఆడ ఖైదీల్ని కాసేవాళ్లు ‘మేట్రన్లు’. మగ గార్డుల స్కేలు నెలకు 668 నుంచి 853 డాలర్లు, మేట్రన్ల స్కేలు 525 నుంచి 701 డాలర్లు. ఆల్బెర్టా గంథర్‌తో సహా నలుగురు స్త్రీలు కోర్టుకి వెళ్లారు. పని పూర్తిగా ఒకటి కాదని కోర్టు తేల్చింది. ఎందుకంటే మగ గార్డు చూసే ఖైదీల సంఖ్య ఎక్కువ, ఈ స్త్రీలు కొంత గుమాస్తా పని కూడా చేసేవాళ్లు. మామూలుగా అయితే కేసు అక్కడితో ముగిసేది. అయితే కౌంటీ తానే గతంలో ఉద్యోగాల విలువ లెక్కగట్టించింది. ఆ లెక్క ప్రకారం మేట్రన్లకి మగ గార్డుల జీతంలో సుమారు 95 శాతం రావాలి. కౌంటీ మగవాళ్లకి ఆ లెక్క ప్రకారం పూర్తిగా ఇచ్చింది, స్త్రీలకి 70 శాతమే ఇచ్చిందని వాళ్ల ఆరోపణ. 1981లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో, పనులు ఒకేలా లేకపోయినా ఇలా ఉద్దేశపూర్వకంగా తక్కువ ఇస్తే కేసు వేయవచ్చని చెప్పింది. ఒక్క విషయం మర్చిపోవద్దు. ఈ లోగా, 1974 జనవరిలోనే, కౌంటీ జైల్లో ఆడవాళ్ల విభాగాన్నే మూసేసి, ఖైదీల్ని పక్క కౌంటీకి పంపి, ఈ నలుగుర్నీ ఉద్యోగాల నుంచి తీసేసింది. గెలుపు వచ్చేసరికి ఉద్యోగమే లేదు.

అదే కాలంలో డెన్వర్ నగరంలో నర్సులు ఇంకా మౌలికమైన ప్రశ్న అడిగారు. నగరం కింద పనిచేసే చెట్లు నరికేవాళ్లకంటే, బోర్డులు రాసేవాళ్లకంటే మా జీతం ఎందుకు తక్కువ అన్నారు. బయటి ఆస్పత్రుల్లో నర్సులకి అంతే ఇస్తున్నారు కాబట్టి అంది నగరం. ఇది ఒప్పుకుంటే ఆర్థిక వ్యవస్థ మొత్తం తలకిందులవుతుందని కింది కోర్టు జడ్జి భయపడ్డాడు. 1980లో పై కోర్టులోనూ నర్సులు ఓడిపోయారు. వాషింగ్టన్ రాష్ట్ర ఉద్యోగులు 1983లో గెలిచి 1985లో పై కోర్టులో ఓడిపోయారు, అయినా చివరికి ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని 10 కోట్ల డాలర్లకి పైగా సాధించుకున్నారు. శాన్ హోసే నగరంలో 1981 జులైలో ఉద్యోగులు ఇదే విషయం మీద తొమ్మిది రోజులు సమ్మె చేసి, స్త్రీలు ఎక్కువగా ఉన్న ఉద్యోగాల జీతాలు సరిదిద్దడానికి 15 లక్షల డాలర్లు తెచ్చుకున్నారు. అప్పుడు ఆ నగర మేయర్ స్త్రీ. కౌన్సిల్లోనూ స్త్రీలదే మెజారిటీ. అయినా సమ్మె చేయాల్సి వచ్చింది. కోర్టుల్లో ఓడిన చోట సంఘం గెలిచింది. చట్టం మీద అతిగా ఆధారపడే మన అలవాటుకి ఈ కేసులు మంచి మందు.

బ్రిటన్‌లో విషయం ఇంకా సూటిగా ఉంది. అక్కడ ఫైర్ కంట్రోల్ రూముల్లో పనిచేసేవాళ్లు ఎక్కువగా స్త్రీలు. వాళ్లు ఫైర్ సిబ్బంది సంఘంలోనే సభ్యులు. వాళ్ల జీతాన్ని ఫైర్‌ఫైటర్ జీతంలో ఇంత శాతమని రాసిపెట్టారు. చాలాకాలం 92 శాతం. 2002-03లో ఆ సంఘం దేశమంతా సమ్మె చేసినప్పుడు డిమాండు 30,000 పౌండ్లు. ఆ డిమాండు ఫైర్‌ఫైటర్లకీ, కంట్రోల్ రూం సిబ్బందికీ ఒకటే. ఒప్పందం తర్వాత 92 కాస్తా 95 అయింది. మిగిలిన 5 శాతం దేనికని అడిగితే, వాళ్లు మంటల్లోకి వెళ్లరు కదా అంటారు. సరే. మంటల్లో ఇరుక్కున్న మనిషి ఆఖరి మాటలు వినడానికి మినహాయింపు ఎన్ని శాతమో ఎవరూ లెక్క కట్టలేదు. సంఘం ఒకటే కావడం వల్ల ఆ స్త్రీలకి జరిగిన మేలు చూడండి. ‘మీ వర్గం వేరు’ అని యజమాని అన్నా, ‘మా డిమాండు ఒకటే’ అని సంఘం అనగలిగింది.

న్యూయార్క్‌లో 1996లో అంబులెన్స్ సేవల్ని ఫైర్ శాఖలో కలిపారు. శాఖ ఒకటైంది, ఉద్యోగాల పేర్లు, స్కేళ్లు రెండుగానే ఉన్నాయి. ఫైర్‌ఫైటర్లలో తెల్లజాతి మగవాళ్లు ఎక్కువ. అంబులెన్స్ వైపు స్త్రీలు, నల్లవాళ్లు, ఇతర జాతులవాళ్లు చాలా ఎక్కువ. 2022లో వాళ్లు ఫెడరల్ కోర్టులో వివక్ష కేసు వేశారు. అదే నగరంలో పోలీసుల్లోనూ 1973 దాకా ‘పాట్రోల్‌మన్’, ‘పోలీస్‌వుమన్’ అని రెండు పేర్లు ఉండేవి. ఫెలీషియా ష్ప్రిట్జర్ అనే పోలీస్‌వుమన్ 1961లో సార్జెంట్ పరీక్ష రాస్తానంటే, నీ పేరున్న కేడర్‌కి ఆ పరీక్ష లేదన్నారు. కోర్టుకి వెళ్లి గెలిచి, 1965లో సార్జెంట్ అయింది. పేరులో ఉన్న రెండక్షరాలు ప్రమోషన్ మెట్లన్నీ మూసేశాయి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ‘సమాన పనికి సమాన వేతనం’ మన సుప్రీంకోర్టులో గట్టిగా నిలబడింది ఒక నగర పోలీసు కేసులోనే అని మీలో ఎంతమందికి తెలుసు? ఢిల్లీ పోలీసులో రణధీర్ సింగ్ అనే డ్రైవర్ కానిస్టేబుల్ ఉండేవాడు. బండి నడపడమే అతని పని. మూడో వేతన సంఘం ఇతర శాఖల డ్రైవర్లని డ్రైవర్లుగా చూసి స్కేళ్లు ఇచ్చింది. రైల్వే రక్షణ దళంలో డ్రైవర్‌కి 260-400 రూపాయల స్కేలు. రణధీర్ సింగ్ పేరులో ‘కానిస్టేబుల్’ ఉంది కాబట్టి అతన్ని కానిస్టేబుళ్లలో కలిపేశారు. మెట్రిక్ పాసైతే 225-308, లేకపోతే 210-270. ఒకే నగరంలో, అవే రోడ్ల మీద, అవే బళ్లు. పైగా ఇతను డ్రైవింగుతో పాటు కానిస్టేబుల్ బాధ్యతలూ మోయాలి.

ప్రభుత్వం ఏమంది? వాళ్లు వేరే శాఖ, ఇతను వేరే శాఖ అంది. తెలుగువారైన జస్టిస్ చిన్నపరెడ్డి 1982 ఫిబ్రవరిలో తీర్పు రాశారు. చేసే పని, అధికారాలు, బాధ్యతలు ఒకటే అయినప్పుడు శాఖలు వేరు అన్నది ఒక్కటే కారణంగా జీతంలో తేడా చూపించడం కుదరదన్నారు. రాజ్యాంగంలోని 39(డి) ఆదేశిక సూత్రాన్ని 14, 16 అధికరణాలతో కలిపి చదివి, ఈ సూత్రం ఉత్త మాట కాదు, రాజ్యాంగ హక్కుల అమలు ద్వారా సాధించుకోగల రాజ్యాంగ లక్ష్యం అని చెప్పారు. 1973 జనవరి 1 నుంచి రైల్వే రక్షణ దళం డ్రైవర్ల స్కేలు ఇవ్వమన్నారు. ఈ తీర్పుని మనం ఎన్నోసార్లు వల్లించాం. ఆ కేసులో గొడవ మొత్తం ఒక మనిషిని ‘డ్రైవర్’ అని పిలవాలా ‘కానిస్టేబుల్’ అని పిలవాలా అన్న దాని మీదే నడిచింది. అదే తీర్పులో, పోస్టుల్ని సమానం చేయడం మొదట వేతన సంఘాల పని అని కూడా ఉంది. తర్వాతి కాలంలో ప్రభుత్వాలు ఆ వాక్యాన్నే ఎక్కువ వాడుకున్నాయి.

దానికి ఒక ఏడాది ముందు, 1981లో, అదే కోర్టు ఎయిర్ ఇండియా ఎయిర్ హోస్టెస్‌ల కేసులో ఇంకో దారి పట్టింది. గర్భం వస్తే ఉద్యోగం తీసేసే నిబంధనని కొట్టేసింది, మంచిదే. కానీ విమానంలో పక్కపక్కనే ట్రేలు అందించే మగ పర్సర్లు, ఎయిర్ హోస్టెస్‌లు వేర్వేరు కేడర్లు కాబట్టి పోల్చడానికి వీల్లేదంది. ఆ రెండు కేడర్లని వేరుచేసిందెవరు? యాజమాన్యమే. వేరు చేసినందువల్లే వేరు, వేరు కాబట్టే తేడా. 1987లో మెకిన్నన్ మెకంజీ కంపెనీ లేడీ స్టెనోగ్రాఫర్ ఆడ్రీ డికోస్టా కేసులో మాత్రం కోర్టు ఈ వలయాన్ని ఛేదించింది. ‘కాన్ఫిడెన్షియల్ లేడీ స్టెనోగ్రాఫర్’ అనే ప్రత్యేక పేరు పెట్టినా, యూనియన్‌తో ఒప్పందం ఉన్నా, కంపెనీకి డబ్బు లేకపోయినా, పని ఒకే తరహాది అయితే తేడా చెల్లించాల్సిందేనంది.

హోంగార్డుల సంగతి మీకు తెలిసిందే. ట్రాఫిక్‌లో కానిస్టేబుల్ పక్కనే అదే ఎండలో నిలబడతారు. చట్టం దృష్టిలో వాళ్లు స్వచ్ఛంద సేవకులు. కాబట్టి వాళ్లకి జీతం ఉండదు, ‘డ్యూటీ అలవెన్సు’ ఉంటుంది. 2015లో హిమాచల్ ప్రదేశ్ హోంగార్డుల కేసులో సుప్రీంకోర్టు వాళ్లని పర్మనెంటు చేయమనలేదు. కానీ 30 రోజుల అలవెన్సు కలిపితే పోలీసు సిబ్బంది కనీస వేతనానికి సమానం కావాలని చెప్పింది. తెలంగాణలో 2025 జనవరి నుంచి రోజుకి 921 రూపాయల్ని 1,000 చేశారు. వర్గం మాత్రం అదే.

ఆంధ్రప్రదేశ్‌లో దీనికి తిరగేసిన ఉదాహరణ ఉంది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లో మహిళా సంరక్షణ కార్యదర్శులుగా చేరిన అమ్మాయిల్ని 2021 జూన్‌లో ఒక జీవో ద్వారా ‘మహిళా పోలీసులు’ అన్నారు. చేరేటప్పుడు వాళ్లు రాసిన పరీక్ష వేరు, ఒప్పుకున్న పని వేరు. హైకోర్టులో కేసులు పడ్డాయి. ఒక వర్గం నుంచి ఇంకో వర్గానికి మనుషుల్ని సామాను జరిపినట్టు జరపొచ్చు, ముందు వాళ్లని అడగాలని ఎవరికీ తోచదు.

ఇక అంగన్‌వాడీలు. ఇది అసలు మనది. 1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ మొదలైనప్పటి నుంచి వాళ్లకిచ్చేది ‘గౌరవ వేతనం’. వాళ్లవి ప్రభుత్వ పోస్టులు కావని 2006లో అమీర్‌బీ కేసులో సుప్రీంకోర్టు అంది. 2022లో గుజరాత్ అంగన్‌వాడీల కేసులో అదే కోర్టు, గౌరవ వేతనం కూడా వేతనమే, గ్రాట్యుటీ ఇవ్వాల్సిందేనని చెప్పింది. ఇంకా చిత్రం చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబర్ 12 నుంచి అంగన్‌వాడీలు సమ్మె చేశారు కదా, 42 రోజులు. 2024 జనవరి 6న ప్రభుత్వం వాళ్లని ఎస్మా కిందికి తెచ్చింది. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం! జీతం అడిగితే స్వచ్ఛంద కార్యకర్తలు, పని ఆపితే అత్యవసర సేవ. ఒకే మనిషిని ఒకే నెలలో రెండు గళ్లలో పెట్టారు, రెండూ ప్రభుత్వానికే లాభం. పోలీసుల్నీ ఫైర్ సిబ్బందినీ అత్యవసర సేవల్లో పెట్టినప్పుడు దాంతోపాటు స్కేలు, పింఛను, యూనిఫారం అలవెన్సు వస్తాయి. అంగన్‌వాడీలకి అందులో శిక్ష భాగం మాత్రమే వచ్చింది.

చట్టంలో ఉన్న లోటు కూడా చెప్పి ముగిస్తాను. 1951 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 100వ ఒడంబడిక ‘సమాన విలువ గల పని’ అంటుంది. మన దేశం 1958లో దాన్ని ఆమోదించింది. మన 1976 సమాన వేతన చట్టంలో మాత్రం ‘అదే పని లేదా అదే తరహా పని’ అని రాసుకున్నారు. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. అందులోనూ అదే మాట, అదీ ఒకే యజమాని దగ్గరైతేనే. కాబట్టి కంట్రోల్ రూం స్త్రీనీ కానిస్టేబుల్‌నీ పోల్చే కేసు మన చట్టంలో ఇంకా కష్టం. రెండు పనుల విలువా ఒకటేనని చూపినా సరిపోదు, తరహా కూడా ఒకటేనని చూపాలి.

ప్రశ్న: పోలీసు వ్యవస్థని విమర్శించే మనం, ఎక్కువ మందిని పోలీసులతో సమానం చేయమని అడగడం సరైనదేనా? పోలీసుకి ఎక్కువ ఎందుకివ్వాలని కదా అడగాల్సింది?

జవాబు: ఇది న్యాయమైన ప్రశ్న, నన్నూ ఇబ్బంది పెడుతుంది. పోలీసు జీతమే ప్రమాణం కావాలని నేననడం లేదు. కానీ ప్రభుత్వం దగ్గర ‘ప్రమాదం’, ‘బాధ్యత’, ‘అత్యవసరం’ అనే మాటలకి డబ్బులో విలువ కట్టిన చోటు అది. లాఠీ పట్టుకున్నవాడి బాధ్యతకి వెల ఉన్నప్పుడు, ఫోన్ ఎత్తిన స్త్రీ బాధ్యతకి ఎందుకు లేదని అడగొచ్చు. పోలీసు పని ఎలా ఉండాలన్న మన విమర్శ దీనివల్ల ఆగదు. ఒక కానిస్టేబుల్ రోజుకి ఎన్ని గంటలు నిలబడుతున్నాడన్నది కూడా మన విషయమే అనుకుంటాను. మీలో కొందరు ఒప్పుకోరని తెలుసు.

ప్రశ్న: మా జిల్లాలో ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: సఖి కేంద్రంలో గానీ, 181 ఫోన్ల దగ్గర గానీ, 108 కాల్ సెంటర్‌లో గానీ పనిచేస్తున్న పదిమందిని కూర్చోబెట్టండి. ఒక వారం పాటు తాము చేసిన ప్రతి పనీ రాయమనండి. కాల్ ఎన్ని నిమిషాలు, ఏం నిర్ణయం తీసుకున్నారు, తప్పు జరిగితే ఏమయ్యేది. తర్వాత సమాచార హక్కు చట్టం కింద మూడు కాగితాలు అడగండి: ఆ పోస్టు మంజూరు చేసిన ఉత్తర్వు, ఆ పోస్టు విధుల జాబితా, జీతం ఏ లెక్క ప్రకారం నిర్ణయించారో ఆ ఫైలు. కాంట్రాక్టరు ద్వారా తీసుకున్నవాళ్లయితే, శాఖకీ ఆ సంస్థకీ జరిగిన ఒప్పందం ప్రతి కూడా అడగండి. విధుల జాబితాలో రాసినదీ, వాళ్లు వారంలో రాసుకున్నదీ పక్కపక్కన పెట్టి చదవండి. వాషింగ్టన్ కౌంటీ స్త్రీలకి ఉపయోగపడింది వాళ్ల యజమాని ఫైల్లో ఉన్న కాగితమే. ఫైలు దొరకడానికి నెలలు పడుతుంది, మొదటి దరఖాస్తు తిరగ్గొడతారు, అప్పీలు వేయాలి. ఈ తరగతుల రెండో రోజు ఆ దరఖాస్తు నమూనా మనమే కూర్చుని రాద్దాం. కాగితాలు, కార్బన్లు తెచ్చుకోండి.